నొప్పిని నమ్మండి, మందును ప్రశ్నించండి

నెలసరి లోపాలను సరిచేస్తుందంటూ ఏ మందు గురించైనా జనానికి ప్రకటన ఇవ్వడం మన దేశంలో నేరం. 1954లో వచ్చిన డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం మూడో సెక్షన్‌లోనే ఈ సంగతి ఉంది. గర్భస్రావం, గర్భనిరోధం, లైంగిక సామర్థ్యం ఉన్న జాబితాలోనే నెలసరినీ చేర్చారు. ఎందుకో ఊహించడం కష్టం కాదు. ఈ నాలుగూ మనుషులు బయటికి చెప్పుకోలేక, డాక్టరు దగ్గరికి వెళ్లలేక, చాటుగా మందు కొనుక్కునే విషయాలు. సిగ్గు ఉన్నచోట మోసగాడికి గిరాకీ ఎక్కువ. అదే చట్టం తాయెత్తును, మంత్రాన్ని, కవచాన్ని కూడా ‘మ్యాజిక్ రెమెడీ’ కింద లెక్కగట్టి, ఈ జబ్బులకు వాటి పేరిట ఇచ్చే ప్రకటనలనూ నిషేధించింది. మొదటిసారి నేరం రుజువైతే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

అయినా ఫోన్లో వీడియోలు ఆగలేదు, గోడల మీద రాతలు ఆగలేదు. తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు ఇలాంటి హామీలు అచ్చేసిన మందులను దుకాణాల్లో పట్టుకున్న వార్తలు పేపర్లో తరచూ వస్తూనే ఉన్నాయి. ‘మూడు నెలల్లో నెలసరి క్రమం, గ్యారంటీ’ అని డబ్బా మీద కనబడితే అక్కడికక్కడే పక్కన పెట్టేయండి. చట్టాన్ని లెక్కచేయని కంపెనీ లోపల ఏం వేయాలన్నదాన్ని మాత్రం లెక్కచేస్తుందని నమ్మడానికి ఆధారం లేదు.

అలాగని ఇది మూలికల మీద యుద్ధం కాదు. శొంఠి కషాయం తాగితే కాస్త తెరిపిచ్చిందని ఒక అమ్మాయి చెబితే విని నవ్వే హేతువాదం నాకు నచ్చదు. నేను పట్టుకున్న కొలబద్ద లౌకిక మానవవాదం. 1952లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వివిధ దేశాల మానవవాద సంఘాలు ఒక్కటైనప్పుడు ఎం.ఎన్. రాయ్ నడిపిన మన రాడికల్ హ్యూమనిస్టులు కూడా వ్యవస్థాపకుల్లో ఉన్నారు. ఆనాటి ఆమ్‌స్టర్‌డామ్ ప్రకటనను 2002లో ఒకసారి, 2022లో మరోసారి తిరగరాశారు. శాస్త్ర పద్ధతిని వాడుకోవాలి, దాన్ని మానవ విలువల అదుపులోనూ ఉంచాలి అన్నది ఆ ఆలోచనకు ఆయువుపట్టు. మన రాజ్యాంగంలో 1976 నాటి 42వ సవరణతో చేరిన 51ఎ(హెచ్) అధికరణ కూడా పౌరుడి విధిని చెబుతూ శాస్త్రీయ దృక్పథం పక్కనే మానవవాదాన్ని కూర్చోబెట్టింది.

నెలసరి దగ్గరికి వచ్చేసరికి దీనికి ఒక వరస ఉంది. ముందు ఆమె నొప్పిని నమ్మాలి, ఆ తర్వాత ఆమె చేతికిచ్చే మందును ప్రశ్నించాలి. మన ఇళ్లలో ఇది తలకిందులుగా నడుస్తోంది. ‘ఆడపిల్లలందరికీ ఉండేదేగా’ అని నొప్పిని కొట్టిపారేసి, ఎవరో చెప్పిన చూర్ణాన్ని మాత్రం కళ్లు మూసుకుని మింగిస్తాం.

చేయవలసినవి

ముందు లెక్క రాయండి. గోడ క్యాలెండర్ అయినా చాలు. నెలసరి మొదలైన తేదీ, ఎన్ని రోజులు ఉంది, రోజుకు ఎన్ని ప్యాడ్లు, నొప్పి ఏ రోజున ఎంత, ఏం తాగారు, ఏం మింగారు. పెద్దవాళ్లలో 24 నుంచి 38 రోజులకోసారి రావడం, ఎనిమిది రోజుల లోపు ఆగిపోవడం మామూలే. రజస్వల అయిన తొలి రెండేళ్లలో అటూ ఇటూ కావడం సహజం. ఈ లెక్క లేకుండా ఏ మూలిక పనిచేసిందో ఎవరూ చెప్పలేరు. ఎందుకంటే మామూలు నెలసరి నొప్పి ఏ మందూ లేకపోయినా రెండు మూడు రోజుల్లో తనంతట తానే తగ్గుతుంది. రెండో రోజున కషాయం తాగితే మూడో రోజు వచ్చిన ఉపశమనాన్ని కషాయం ఖాతాలో వేస్తాం. అందుకే మందు మొదలుపెట్టక ముందు రెండు నెలలు, పెట్టాక రెండు మూడు నెలలు రాసి పోల్చుకోవాలి. హేతువాదం నేర్చుకోవడానికి ఇంతకంటే చవకైన పరికరం నాకు తెలియదు.

శొంఠిని నిర్భయంగా ప్రయత్నించండి, కొలత తెలుసుకుని. గర్భాశయం లోపలి పొర ఊడేటప్పుడు ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థాలు విడుదలై కండరాన్ని గట్టిగా ముడుచుకునేలా చేస్తాయి. నొప్పి, వాంతి, విరేచనం, నడుము పట్టేయడం చాలావరకు వాటి పనే. శొంఠిలోని ఘాటు పదార్థాలు ఆ తయారీని కొంత తగ్గిస్తాయని ప్రయోగశాల పరీక్షలు చెబుతున్నాయి. 2009లో ప్రచురించిన ఒక ఇరాన్ అధ్యయనంలో 150 మంది విద్యార్థినులను మూడు గుంపులు చేసి, ఒక గుంపుకు 250 మిల్లీగ్రాముల శొంఠి గుళిక రోజుకు నాలుగుసార్లు చొప్పున మూడు రోజులు ఇచ్చారు. మిగతా రెండు గుంపులకు మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రోఫెన్ అనే నొప్పి మందులు ఇచ్చారు. ఉపశమనంలో మూడింటికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంటే వాడిన శొంఠి రోజు మొత్తానికి ఒక గ్రాము, సుమారు అర చిన్నచెంచా పొడి. మిగతా పరీక్షల్లోనూ రోజుకు 750 నుంచి 2,000 మిల్లీగ్రాముల మధ్యే వాడారు. గుప్పెడు శొంఠి కాచి తాగితే రెట్టింపు ఫలితం రాదు, గుండెల్లో మంట వస్తుంది.

ఉత్సాహం మరీ పెరగకుండా ఇంకో అంకె. నెలసరి నొప్పికి మూలికలు, విటమిన్లు, చేపనూనె లాంటివాటిపై జరిగిన 27 పరీక్షలను, 3,101 మంది స్త్రీల వివరాలతో, కోక్రేన్ సంస్థ 2016లో సమీక్షించింది. శొంఠికి, మెంతులకు, మరికొన్నిటికి కొద్దిపాటి ఆధారం ఉంది గాని, అందులో గట్టి నాణ్యత ఉన్నది ఏదీ లేదని తేల్చింది. ‘పనిచేయవచ్చు’ అన్నంతవరకే మన నోరు లేవాలి. మెంతులు, వాము, సోంపు వంటింట్లో వాడే మోతాదులో తీసుకుంటే పెద్ద ప్రమాదం లేదు. షుగరు మందులు వాడేవారు మాత్రం మెంతులు రోజూ చెంచాల కొద్దీ తీసుకునే ముందు చక్కెర పడిపోతుందేమో చూసుకోవాలి.

కాపడం పెట్టుకోండి. మూలిక కాకపోయినా దీన్ని ఇక్కడ చెప్పక తప్పదు, ఎందుకంటే అమ్మమ్మల వైద్యంలో బాగా నిలబడింది ఇదే. పొత్తికడుపు మీద సుమారు 39 డిగ్రీల వెచ్చదనాన్ని గంటల తరబడి నిలిపి ఉంచితే 400 మిల్లీగ్రాముల ఐబుప్రోఫెన్‌కు దీటుగా నొప్పి తగ్గిందని 2001లో వచ్చిన ఒక పరీక్ష చూపించింది. వేడినీళ్ల సంచికి గుడ్డ చుట్టండి. నిద్రపోతూ వంటి మీద ఉంచుకోకండి, బొబ్బలెక్కుతాయి.

నొప్పి మాత్రను తప్పుగా చూడకండి. ‘మాత్రలు అలవాటైతే పిల్లలు పుట్టరు’ అనే మాటకు ఆధారం లేదు. 80 పరీక్షల సమీక్షలో ఉత్తుత్తి మాత్ర మింగినవారిలో నూటికి 18 మందికి చక్కటి ఉపశమనం కలిగితే, ఐబుప్రోఫెన్ రకం మాత్రలు మింగినవారిలో 45 నుంచి 53 మందికి కలిగింది. ఈ అంకెలను రెండువైపులా చదవాలి. మాత్ర నిజంగానే పనిచేస్తుంది. అయినా సుమారు సగం మందికి అది చాలదు. ఆ సగంలో ఉన్న అమ్మాయి ‘తగ్గలేదు’ అన్నప్పుడు నటిస్తోందనకండి. కడుపులో పుండు, ఆస్తమా, కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం ఈ మాత్రలను డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. ఖాళీ కడుపున ఎవరూ వేసుకోవద్దు.

చెట్టును గుర్తుపట్టాకే దాని బెరడు వాడండి. ఆఫీసుల ముందు, కాలనీ రోడ్ల వెంట నిటారుగా, ఆకులు కిందికి వేలాడుతూ పెరిగేదాన్ని అందరం అశోక చెట్టనే పిలుస్తాం. అది నరమామిడి. ఆయుర్వేదంలో అధిక రక్తస్రావానికి చెప్పిన అశోకం వేరు. గుత్తులు గుత్తులుగా నారింజ, ఎరుపు రంగుల్లో పూస్తుంది. అసలు అశోకం అడవుల్లో అరుదైపోయింది. అంగట్లో దాని బెరడులో నరమామిడి బెరడు కలిపి అమ్మడం శాస్త్రవేత్తలు నమోదు చేసిన సంగతే. వీడియోలో చూసి వీధిలోని చెట్టు బెరడు గీరుకొచ్చి కషాయం కాచేవారు వాడుతున్నది గ్రంథంలో చెప్పిన మందూ కాదు, ప్రయోగశాలలో చూసిన మందూ కాదు. వావిలి విషయమూ అంతే. బహిష్టుకు ముందు వచ్చే చిరాకు, రొమ్ముల నొప్పికి ఐరోపాలో వాడే చేస్ట్‌బెర్రీ మన వావిలికి దగ్గరి బంధువు, అదే మొక్క మాత్రం కాదు. దాని మీద జరిగిన పరీక్షల ఫలితాలను వావిలాకుకు అంటగట్టకూడదు.

ఈ సందర్భంలో గోరా గుర్తుకొస్తారు. విజయవాడ నాస్తిక కేంద్రం స్థాపకుడిగా ఆయన్ని అందరూ ఎరుగుదురు గాని, గోపరాజు రామచంద్రరావు వృత్తిరీత్యా వృక్షశాస్త్ర అధ్యాపకుడన్నది తక్కువమందికి తెలుసు. మొక్క పేరు చెప్పాలంటే పువ్వు, ఆకు, కాయ అన్నీ చూపించమనే శాస్త్రం అది. దేవుణ్ణి ప్రశ్నించినందుకు ఉద్యోగాలు పోగొట్టుకున్న మనిషి రోజూ తరగతి గదిలో చేసిన పని ఆకును ప్రశ్నించడమే. ఆయన కుమారుడు డాక్టర్ సమరం దశాబ్దాలపాటు తెలుగు పత్రికల్లో, ఎవరినీ చిన్నబుచ్చకుండా, సిగ్గుపడే ప్రశ్నలకు సూటిగా జవాబులు చెప్పారు. ఆ నాస్తిక కేంద్రానికి 1986లో అంతర్జాతీయ మానవవాద పురస్కారం దక్కింది.

లేబుల్ చదవండి. తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ, ఏయే పదార్థాలు ఎంతెంత అన్నవి లేని పొట్లం కొనకండి. పేరులో రసం, భస్మం, సింధూరం ఉంటే అందులో లోహం ఉండే వీలుంది. అర్హత ఉన్న ఆయుర్వేద వైద్యులు స్వయంగా రాసిస్తే తప్ప వాటి జోలికి పోవద్దు.

డాక్టరుకు చెప్పండి. ‘మూలికేగా, మందు కాదుగా’ అని దాచేవారే ఎక్కువ. రక్తం పలచబడే మందులు వాడుతున్నవారికి శొంఠి, పసుపు గుళికలు రక్తస్రావాన్ని పెంచవచ్చు. ఆపరేషన్ ఉంటే ముందుగానే ఆపాలి. అశ్వగంధ థైరాయిడ్ పనితీరును మారుస్తుంది. విదేశాల్లో ఉన్నవారు దిగులుకు కొనుక్కునే సెయింట్ జాన్స్ వోర్ట్ గర్భనిరోధక మాత్ర పనిని దెబ్బతీస్తుంది. నెలసరి చిరాకుకని ఆ మూలిక మింగి, గర్భం వచ్చాక కారణం వెతుక్కోవలసి వస్తుంది.

చేయకూడనివి

ఆగిన నెలసరిని మూలికతో రప్పించే ప్రయత్నం చేయకండి. ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. నెలసరి తప్పితే మొదట చేయవలసింది మందులషాపులో కిట్ కొని గర్భపరీక్ష. పెళ్లయిందా లేదా అన్నది దానికి అడ్డు కాదు. పచ్చి బొప్పాయి, నువ్వుల కషాయం దగ్గర మొదలై, కలబంద సారం, పొంగించిన వెలిగారం, అన్నభేది కలిసిన రజఃప్రవర్తని మాత్రల దాకా పోతారు. ఆ మాత్రలు గర్భిణులకు నిషిద్ధమని ఆయుర్వేద వైద్యులే చెబుతారు. ఇక చిత్రమూలం వేరు, జిల్లేడు పాలు, గన్నేరు అయితే గర్భం కంటే ముందు తల్లి ప్రాణం తీస్తాయి. మన దేశపు విషవైద్య పాఠ్యపుస్తకాలు వీటిని గర్భస్రావానికి వాడిన విషాలుగానే వర్ణిస్తాయి. పిండం గర్భాశయంలో కాక అండనాళంలో కుదురుకుని ఉంటే, కషాయం తాగుతూ గడిపే ప్రతి రోజూ నాళం పగిలే ప్రమాదాన్ని దగ్గర చేస్తుంది.

గర్భం వద్దనుకుంటే దారి చట్టంలోనే ఉంది. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టాన్ని 2021లో సవరించాక 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయంతో, కొన్ని వర్గాల స్త్రీలకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో 24 వారాల దాకా సురక్షితంగా తీయించుకోవచ్చు. పెళ్లికాని స్త్రీలను ఇందులో వేరుగా చూడకూడదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరులో తేల్చిచెప్పింది. ఆ మాట తెలియక, లేదా తెలిసినా నలుగురూ ఏమనుకుంటారోనని, నాటుమందుకు పోయేవారు ఇప్పటికీ ఉన్నారు. ఇక్కడ మూలిక కంటే పెద్ద విషం ఆ ‘నలుగురూ’ అనే మాటే.

వ్రతానికో, తిరుమల ప్రయాణానికో నెలసరిని వాయిదా వేయమని ఎవరినీ ఒత్తిడి పెట్టకండి. అత్తగారు ముహూర్తం పెట్టి, కోడలు మాత్ర మింగే ఇళ్లు మనకు కొత్త కాదు. వాయిదాకు పనిచేసే మూలిక ఏదీ రుజువు కాలేదు. పచ్చి ఉలవలు, నిమ్మరసం, వెనిగర్ లాంటివన్నీ వట్టి కబుర్లు. పనిచేసేది నోర్‌ఎథిస్టెరోన్ అనే హార్మోను మాత్ర. అది ఒంట్లో కొంతమేర ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర, కాలేయ జబ్బు, కళ్ల ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉన్నవారికి ప్రమాదం. డాక్టరును అడగకుండా కౌంటరు మీద కొనే మాత్ర కాదది. తన నమ్మకం కోసం తనే కావాలనుకుని, అడిగి, తెలుసుకుని వేసుకుంటే అది ఆమె ఇష్టం. నమ్మకం ఇంట్లో ఒకరిదీ, మాత్ర మింగే ఒళ్లు ఇంకొకరిదీ అయితే మానవవాది ఊరుకోకూడదు.

‘సహజం కాబట్టి హాని లేదు’ అనకండి. 2011-12లో న్యూయార్క్ నగర ఆరోగ్య అధికారులు ఆరుగురు గర్భిణుల రక్తంలో ప్రమాదకర స్థాయిలో సీసం ఉందని కనుక్కుని ఆరా తీస్తే, మన దేశం నుంచి వచ్చిన ఆయుర్వేద మందులు మూలంగా తేలాయి. అంతకుముందు 2004లో బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 మందుల్లో 14 సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకదానితో దొరికాయి. పచ్చళ్ల పక్కన చూర్ణం పొట్లం సర్దే తల్లులు, అమెరికాలో గర్భంతో ఉన్న కూతురికి ఏం పంపుతున్నారో ఒకసారి ఆలోచించాలి. కోవిడ్ కాలంలో తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను ముంబై వైద్యులు ప్రచురించారు. తప్పు తిప్పతీగది కాదని ఆయుష్ శాఖ వాదించింది. వాదన తేలేదాకా కళ్లు పచ్చబడుతున్న మనిషి ఏం చేయాలి? మందు ఆపి ఆస్పత్రికి వెళ్లాలి.

పన్నెండు పదమూడేళ్ల పిల్లలకు అరిష్టాలు, ఆసవాలు టానిక్‌లా పోయకండి. అవి పులియబెట్టి చేసేవి, 5 నుంచి 10 శాతం దాకా ఆల్కహాల్ ఉండేవి. పెద్దవాళ్లు కూడా మెట్రోనిడజోల్ అనే మందు వాడుతున్నప్పుడు తాగకూడదు.

బెల్లంతో రక్తహీనత పోతుందని కూర్చోకండి. దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. పెద్దమనిషైన పిల్లకు చిమ్మిలి పెట్టే ఆచారం చక్కనిది. నువ్వులూ బెల్లమూ మంచి తిండి. తిండి తిండే. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలిరంగు మాత్రలో ఉన్నంత ఇనుము ఉండలతో రాదు. ఆ మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు.

యోనిలోకి ఏ ఆకుపసరూ, పటికా, పసుపూ, వేపనూనే పెట్టకండి.

కింది లక్షణాలుంటే ఏ కషాయంతోనూ కాలం గడపకండి: గంటకో ప్యాడ్ నిండిపోవడం రెండు గంటలు దాటి సాగితే, నెలసరి ఎనిమిది రోజులు దాటితే, జ్వరంతో పొత్తికడుపు నొప్పి వస్తే, కళ్లు తిరిగి పడిపోతే, ఏళ్ల తరబడి లేని నొప్పి కొత్తగా మొదలైతే, కలయికలోనో మలవిసర్జనలోనో నొప్పి ఉంటే, ముట్లుడిగాక మళ్లీ రక్తం కనిపిస్తే. పదిహేనేళ్లు నిండినా రజస్వల కాని పిల్లను కూడా చూపించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన సంతానవయసు స్త్రీలలో సుమారు పదిమందిలో ఒకరికి ఎండోమెట్రియోసిస్ అనే జబ్బు ఉంటుంది. అది బయటపడటానికి ఏళ్లు పట్టడానికి పెద్ద కారణం, ఆ నొప్పిని ఇంట్లోనూ ఆస్పత్రిలోనూ ‘మామూలే’ అనేయడం.

ఇంట్లోవాళ్లకూ, మనలాంటి వాదనప్రియులకూ

అమ్మమ్మ కషాయాన్ని ఎగతాళి చేయకండి. ఆ గ్లాసులో శొంఠితో పాటు ‘నీకు నొప్పిగా ఉందని నాకు తెలుసు’ అన్న మాట కూడా ఉంది. చాలా ఇళ్లలో ఆ మాట దొరికేది అక్కడే. కషాయం వద్దని చెప్పేటప్పుడు ఆ మాటను మీరు అందుకోవాలి.

విశ్రాంతిని, వెలిని ఒక గాటన కట్టకండి. మూడు రోజులు పని చేయించకపోవడం మంచిదే. వేరే చాప, వేరే కంచం, చలిలో వసారా మంచిది కాదు. ఇలాంటి నమ్మకాలను ధిక్కరించడానికి గోరా భార్య సరస్వతీ గోరా గర్భిణిగా ఉండి నలుగురి ముందూ గ్రహణం చూశారు. తన ఒంటితో తనే చేసిన పరీక్ష అది. ఇంకొకరి ఒంటి మీద అలాంటి పరీక్ష పెట్టే హక్కు హేతువాదికీ లేదు. పూజగదిలోకి వెళ్లనంటే ఆమెను లాక్కెళ్లడం సంస్కరణ అనిపించుకోదు. కానీ మైల పేరిట ఆమెకు తిండి, మరుగుదొడ్డి, ఆస్పత్రి అందకుండా చేస్తే అది నమ్మకాల గొడవ కాదు, హింస.

అల్లోపతికి వేరే తూకం వాడకండి. నెలసరి నొప్పికి మన దగ్గర విరివిగా మింగే మెఫెనమిక్ యాసిడ్‌తో అరుదుగా డ్రెస్ అనే తీవ్రమైన అలర్జీ రావచ్చని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2023 నవంబరు చివర్లో వైద్యులనూ రోగులనూ హెచ్చరించింది. జనం, వైద్యులు పంపిన ఫిర్యాదులను పోగుచేసి చూస్తేనే ఆ సంగతి తెలిసింది. మూలికల దుష్ఫలితాలు అంతగా పోగుపడవు, ఎందుకంటే చెప్పేవారు తక్కువ. కాబట్టి మీరు చెప్పండి. ఏ మందు వల్లనైనా ఒంటిమీద దద్దుర్లు, జ్వరం, కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం కనిపిస్తే డాక్టరును కలవండి. 1800-180-3024 అనే ఉచిత నంబరుకు ఫోన్ చేసి నమోదు చేయించండి. మిగిలిన మందును పారేయవద్దు. సీసా, లేబుల్, కొన్న రసీదు, మొదలుపెట్టిన తేదీ, రోజుకు ఎంత వాడారన్నది దగ్గర పెట్టుకోండి. పొట్లం మీద పేరు లేకపోతే ఆ పొట్లాన్నే తీసుకెళ్లండి.